భోజనాల గది గోడ

సెప్టెంబర్ 30, సోమవారం

ఆ మనిషి ఈరోజు దిగింది. పేరు మాలిన్. నలభై దాటి ఉంటుంది. పొట్టి జుట్టు, మగవాళ్ళ బూట్లు. పాత చిత్రాల్ని బాగుచేసే పనట. హెన్నింగ్ ఆమెను ఇల్లంతా తిప్పి చూపించి, చివరికి నా తలుపు కొట్టాడు.

"గున్వోర్ గారూ, ఈవిడేనండీ. క్రిస్మస్ దాకా ఇక్కడే పని. మీకేం ఇబ్బంది ఉండదు."

ఇబ్బంది ఉండదని ముందే చెప్పేవాళ్ళను నేను నమ్మను. ఈ ఇల్లు మ్యూజియమై ఆరేళ్ళయింది. హెన్నింగ్ దానికి అధికారిగా వచ్చిన దగ్గర్నుంచి ఆ మాట అనడం ఇది మూడోసారి. మొదటిసారి నా వంటిల్లు పోయింది. ఇప్పుడు అందులో తాడు కట్టి, నా రాగి గిన్నెల్ని జనానికి చూపిస్తున్నారు. రెండోసారి సరస్సు వైపు వరండా పోయింది. ఇక మిగిలింది వెనక రెండు గదులూ ఓ చిన్న పొయ్యీ. నేను బతికున్నంత కాలం అవి నావేనని మా ఆయన టూరె వీలునామాలో రాశాడు. చచ్చేదాకా అని ఉంది కాబట్టి, ఎప్పుడు చస్తానా అని హెన్నింగ్ చూస్తుంటాడు. పైకి మాత్రం నా మోకాళ్ళ నొప్పి ఎలా ఉందని అడుగుతాడు.

వేసవిలో పై గొట్టం కారి భోజనాల గది గోడ తడిసింది. సున్నం పెచ్చులూడి కింద నీలం రంగు బయటపడింది. అప్పట్నుంచీ హెన్నింగ్ కాళ్ళు నేలమీద లేవు.

ఆ గోడమీద ఏముందో కొత్తగా తవ్వి తెలుసుకోవాల్సిన పనేం లేదు. టూరె మొదటి భార్య సిగ్నె వేసిన బొమ్మ అది. ఐదేళ్ళకే జ్వరంతో పోయిన వాళ్ళ పాప తూవా బొమ్మ. సిగ్నె ఇల్లు విడిచి వెళ్ళిపోయాక, టూరె బాధ భరించలేక దానిమీద సున్నం వేశాడు. టూరె చిత్రాలమీద వచ్చిన పుస్తకంలో కూడా ఆ సంగతి ఉంది, నలభై ఒకటో పేజీలో.

అక్టోబర్ 2

ఆ గదికీ నా గదికీ మధ్య తలుపు సరిగా మూసుకోదు. తేమకు చెక్క ఉబ్బింది. కావాలని చూడక్కర్లేదు, ఇటు నడుస్తుంటే కళ్ళలో పడుతుంది.

ఆమె నుదుటికి దీపం కట్టుకుని, కంటికి భూతద్దం పెట్టుకుని చిన్న కత్తితో గీకుతుంది. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా గీకితే అరచేయంత. గీకిన పొడిని పారెయ్యదు. చిన్న చిన్న డబ్బాల్లో వేసి అంకెలు రాస్తుంది. పొడి దాచుకోవడం దేనికి? దొరికినవన్నీ దాచిపెట్టుకోవడం పోలీసుల పద్ధతి.

మధ్యాహ్నం నా దగ్గరికొచ్చి వేడినీళ్ళు అడిగింది. ఇచ్చాను.

"మీరు ఈ ఇంటికి ఎప్పుడొచ్చారండీ?"

"యాభై ఒకటి సెప్టెంబర్లో. ఇంటిపనికి."

"అయితే సున్నం వేసేటప్పుడు మీరు ఇక్కడే ఉన్నారన్నమాట."

"లేను. నేను వచ్చేసరికే వేసేసి ఉంది."

అవునా అన్నట్టు తలూపి వెళ్ళిపోయింది.

అక్టోబర్ 3

పుస్తకంలో సున్నం వేసింది 1952 వసంతకాలం అని ఉంది. ఎందుకలా అన్నాను.

అక్టోబర్ 6, ఆదివారం

ఆస్టా వచ్చింది. కంచెకు అవతలి ఇల్లు వాళ్ళది. ఈ ఊళ్ళో నాకు తోటిదంటూ మిగిలింది ఆమె ఒక్కతే. ఏలకుల బన్ను తెచ్చింది, ఎప్పటిలాగే మాడ్చి.

"ఏమే, మీ ఇంట్లో గోడలు గీకే మనిషిని పెట్టారటగా. ఎలా ఉంది?"

"ఉంది. తక్కువ మాట్లాడి ఎక్కువ వింటుంది."

"మంచిదేగా. నీకు సరిజోడు. నువ్వు ఎక్కువ మాట్లాడి ఏమీ చెప్పవు."

ఆ మాలిన్ గడ్డం ఎక్కడో చూసినట్టుందన్నాను. మెట్ల దగ్గర సిగ్నె చిత్రం ఉంది కదా, ఎర్ర కోటు వేసుకుని గడ్డం పైకెత్తి ఉంటుంది, అచ్చం అదేనన్నాను. సిగ్నెకు చెల్లెలి కూతురో, మనవరాలో ఎవరో ఉండే ఉంటారు. చుట్టమని చెప్పకుండా ఇంట్లోకి పంపి ఉంటారు.

ఆస్టా బన్ను నమలడం ఆపి నా మొహం చూసింది.

"గడ్డం చూసి చుట్టరికాలు కలిపేస్తున్నావే. వస్తే రానీ. ఏం పట్టుకుపోతారు, గోడనా?"

ఆమెకు ఏం తెలుసు.

అక్టోబర్ 11

హాల్లోంచి టెలిఫోన్ చేస్తూ మాలిన్ అంది: "ఆవిడకు చెప్పలేదండీ ఇంకా. మీరు రాయమంటే నేనే రాస్తాను. లేదు, ఆవిడ వెనక గదుల్లోనే ఉంటుంది." తర్వాత గొంతు తగ్గించింది. మిగతాది వినపడలేదు.

ఆవిడంటే నేనే. ఇంకెవరున్నారు ఈ ఇంట్లో వెనక గదుల్లో.

అక్టోబర్ 15

మధ్యాహ్నం ఆమె సరస్సు ఒడ్డున కూర్చుని రొట్టె తింటుంది. వాన పడ్డా అక్కడే, గొడుగేసుకుని. మామూలు మనుషులు అలా చేయరు.

ఆ గది కిటికీ వేసి ఉందో లేదో చూద్దామని వెళ్ళాను. నోటుపుస్తకం బల్లమీద ఉంది. తెరిచే ఉంది. కనీసం, చాలావరకు తెరిచే ఉంది.

"సున్నం ఒకే పూత, హడావిడిగా వేసింది. కుంచె ఆనించిన చోటు, వదిలిన చోటు చూస్తే ఎడమచేతివాటం. పై మూడు జానలు నిచ్చెన ఎక్కి వేసినట్టు గుర్తులు. పొట్టి మనిషి. టూరె?"

ఆ ప్రశ్నగుర్తును రెండుసార్లు దిద్దింది.

టూరె ఆరడుగుల పైన. కుడిచేత్తో బొమ్మలు వేసేవాడు. ఫొటోలు ఇల్లంతా ఉన్నాయి. టిక్కెట్టు కొన్నవాళ్ళెవరైనా చూడొచ్చు.

అక్టోబర్ 16

ఆయన పక్కన నిలబడి చెబుతుంటే నేను వేశాను. అలా అయివుండొచ్చు. పనిమనిషిని కదా అప్పటికి. సున్నాలూ రంగులూ పనిమనిషి కాక ఇంకెవరు వేస్తారు. ఇద్దరం కలిసి వేశామంటే తప్పు కాదు.

అక్టోబర్ 17

ఏదో పార్సిల్ వచ్చిందని, హెన్నింగ్ లేడు కాబట్టి నన్ను సంతకం పెట్టమంది. కలం నా చేతికే ఇచ్చింది. ఎదురుగా నిలబడి చూసింది. కుడిచేత్తో పెట్టాను. కోడి గీకినట్టు వచ్చింది.

"చేయి నొప్పిగా ఉందాండీ?" అంది.

కీళ్ళవాతం అన్నాను.

అక్టోబర్ 21, సోమవారం

ఇప్పుడు రుజువు దొరికింది. టపా నేనే తీస్తాను, ఎప్పుడూ నేనే తీస్తాను, అది నా పని. ఈరోజు మాలిన్ పేరుమీద ఓ కవరు. వెనక పంపినవాళ్ళ చిరునామా: సిగ్నె, ఊప్సాలా. అక్షరాలు వణుకుతూ ఉన్నాయి.

బతికే ఉంది. డెబ్బై ఏడు వచ్చి ఉంటాయి.

నా అనుమానం నిజమే. ఇద్దరూ కలిసే ఉన్నారు.

అక్టోబర్ 22

కవరు నేను తెరవలేదు. కాఫీకి నీళ్ళు కాగుతుంటే పక్కన పెట్టాను. ఆవిరికి దానంతటదే విడిపోయింది. విడిపోయాక చదవకపోతే ఏం, చదివితే ఏం.

చిన్న ఉత్తరం. దాచడం దేనికి, ఇక్కడ ఎక్కిస్తున్నాను.

"మీ ఉత్తరం అందింది. మీరెవరో నాకు తెలియకపోయినా అడిగిన తీరు మర్యాదగా ఉంది కాబట్టి జవాబు రాస్తున్నాను. ఆ గోడమీద మా తూవా రేవు చెక్కలమీద కూర్చుని ఉంటుంది. నీలం గౌను. చేతిలో చిన్న బకెట్టు, అందులో ఒక చేప. నూనెరంగులతో వేశాను. పాప పోయిన మర్నాటి నుంచి ఆరు వారాలు పట్టింది. 1952 మే నెలలో టూరె నుంచి ఒకే ఒక్క వాక్యం వచ్చింది. 'భోజనాల గదికి సున్నం వేశాను.' ఆ తర్వాత ఆయన రాసినవేవీ నేను విప్పలేదు, తిప్పి పంపాను. ఆయన చనిపోయినప్పుడు నాకు కబురందింది. నేను రాలేదు. కూతుర్ని రెండోసారి పాతిపెట్టినవాడి దగ్గరికి నేనెందుకు రావాలి. మీకు వేరే ఏమైనా తెలియాలంటే రాయండి."

మాలిన్ చుట్టం కాదు. "మీరెవరో నాకు తెలియకపోయినా" అని ఉంది. కావాలని అలా రాసిందేమో.

అక్టోబర్ 23

ఆయనే రాశాడు. "వేశాను" అని.

అక్టోబర్ 24

టూరె ఆ సంగతి ఎవరికీ చెప్పలేదనుకున్నాను ఇన్నాళ్ళూ. అడిగినవాళ్ళకు నేనే చెబుతూ వచ్చాను, ఆయన వేశాడని. ఆయన కాదనలేదు. పుస్తకం రాసినతను అడిగినప్పుడు కూడా కిటికీలోంచి బయటికి చూస్తూ ఊరుకున్నాడు. ఊరుకోవడమంటే ఒప్పుకోవడమే కదా. ఆయనకూ అదే కావాలేమో అనుకునేదాన్ని. అలాగే అనుకున్నాను.

కానీ మే నెలలోనే రాశాడట. నన్ను ఒక్క మాట అడక్కుండా, నాకు ఒక్క మాట చెప్పకుండా.

అక్టోబర్ 29

"గున్వోర్ గారూ, ఊప్సాలా నుంచి నాకేమైనా ఉత్తరం వచ్చిందాండీ? పదిరోజులయిందట వేసి. ఆవిడ ఫోన్ చేశారు."

రాలేదన్నాను. ఈమధ్య టపా సరిగా రావడం లేదన్నాను. నిజానికి నా రొట్టెల డబ్బాలో ఉంది.

కోప్పడుతుందేమో అనుకున్నాను. కోప్పడితే నాకు సులువుగా ఉండేది.

నవంబర్ 4

కవరు మళ్ళీ అతికించి, తలుపు సందులోంచి చాపమీద పడేలా వేశాను. పిండి జిగురుతో అతికించాను, కాస్త ఉబ్బింది. మాలిన్ తీసుకుంది. వెనక్కి తిప్పి అంచు చూసింది. వేలితో తడిమింది.

"బాగా తిరిగొచ్చినట్టుంది పాపం," అంది, ఉత్తరాన్ని ఉద్దేశించి.

సాయంత్రం నాకు వేడినీళ్ళు తెచ్చిచ్చింది. ఎప్పుడూ నన్ను అడిగే మనిషి, ఈరోజు తనే కాచి తెచ్చింది. ఆ నీళ్ళలో ఏముందా అని ఓ నిమిషం చూశాను. నీళ్ళే.

నవంబర్ 12

పొద్దున్న పిలిచింది. "ఒకసారి వస్తారాండీ, మీకు చూపించాలి." తలనొప్పిగా ఉందన్నాను. "ఒక్క నిమిషమేనండీ," అంది.

సగం గోడ బయటికొచ్చేసింది. నీళ్ళు, రేవు చెక్కలు, నీలం గౌను, బకెట్టు. నీళ్ళలో చాలాచోట్ల రంగు సున్నంతోపాటే లేచిపోయింది. అక్కడ ఉత్త గచ్చు. నలభై నాలుగేళ్ళ తర్వాత చూడటం. పిల్ల మోకాళ్ళు నాకు గుర్తులేవు. రెండు మోకాళ్ళకూ గీరుకుపోయిన మచ్చలు వేసింది సిగ్నె.

మొహం ఉండాల్సినచోట మాత్రం ఇంకా తెలుపే.

"ఇక్కడ కత్తి దిగట్లేదు," అంది మాలిన్. "సున్నం కింద కాగితం ఉంది. వార్తాపత్రిక. మొహం మీద కొలిచి కత్తిరించి, మైదా జిగురుతో అతికించి, ఆ తర్వాత సున్నం వేశారు. మిగతాదంతా హడావిడిగా వేసిన మనిషి ఈ ఒక్కచోట అంచులు వేలితో నొక్కి నొక్కి అతికించారు. అందుకని మొహం పాడవలేదనుకుంటా. తేదీ కూడా కనిపిస్తోంది చూడండి. 1952 ఏప్రిల్ 16."

నేను చూశాను. చూస్తే ఓ చెప్పుల దుకాణం ప్రకటన తలకిందులుగా ఉంది.

"టూరె అలాంటివాడే," అన్నాను. "మనసు మెత్తన."

"అవునా," అంది. నా మోచేతి కింద చెయ్యేసి గుమ్మం దాకా నడిపించింది.

కాగితం సంగతి నాకు నిజంగా గుర్తులేదు. ఇక్కడ అబద్ధం రాసి ఎవర్ని మోసం చేయాలి? గుర్తులేదు.

నవంబర్ 13

టూరె ఆ రోజు ఊళ్ళో లేడు.

నవంబర్ 20

హెన్నింగ్ చిందులొక్కటే తక్కువ. నెలాఖరున సిగ్నె వస్తోందట. పత్రికలవాళ్ళు వస్తారట. "ఊహించండి గున్వోర్ గారూ, మొదటి భార్య, రెండో భార్య, ఒకే గదిలో."

ఊహించాను. మూడు వారాలుగా ఊహిస్తూనే ఉన్నాను. వాళ్ళందరూ ముందే మాట్లాడుకుని ఉంటారు. నన్ను గోడముందు నిలబెట్టి, అందరిముందూ మాలిన్ ఆ నోటుపుస్తకం తెరుస్తుంది. ఆ తర్వాత వెనక రెండు గదుల మాట హెన్నింగ్ ఎత్తుతాడు. ఇదంతా అందుకే. పెట్టె సర్దాను. పెద్దగా ఏమీ లేదు సర్దడానికి.

నవంబర్ 25

దాగుడుమూతలు చాలనిపించి, మాలిన్‌ను నేనే అడిగేశాను.

"నీ పుస్తకంలో ఏం రాసుకున్నావు?"

"మీరు చదివారు కదండీ." మామూలుగా అంది, ఉప్పు డబ్బా అందుకున్నట్టు. "మీ కాఫీ చుక్క పడింది పేజీమీద."

బల్లమీది పుస్తకం వంక చూశాను.

"ఎడమచేతివాటం, పొట్టి మనిషి. నా రిపోర్టులో అంతవరకే ఉంటుంది. పేరు కనుక్కోవడం నా పని కాదు. గోడ ఏం చెప్పిందో అదే రాస్తాను."

"హెన్నింగ్‌కు చెప్పావా?"

"ఆయన అడగలేదండీ. ఆయనకు పుస్తకంలో ఉన్నది బాగా నచ్చింది."

"సిగ్నెకి?"

"ఆవిడకు చెప్పాల్సింది నేనా?"

కత్తి తీసుకుని మళ్ళీ గోడవైపు తిరిగింది. పక్కనుంచి గడ్డం చూశాను. సిగ్నె గడ్డమూ కాదు, ఎవరిదీ కాదు. ఆమె గడ్డమే.

నవంబర్ 30, శనివారం

వరసగా రాయాలి.

సిగ్నె పదకొండింటికి వచ్చింది. హెన్నింగ్ స్టేషన్ నుంచి కారులో తెచ్చాడు. మెట్ల దగ్గరి చిత్రంలోని మనిషే ఇన్నేళ్ళూ నాతోపాటు ఈ ఇంట్లో ఉంది. ఎర్ర కోటు, పైకెత్తిన గడ్డం, ముప్పై ఏళ్ళు. కారులోంచి దిగింది మాత్రం నాకన్నా పొట్టి ముసలావిడ. చేతికర్ర, ఒక చెవిలో వినికిడి మిషను. నేను ఎవర్ని చూసి భయపడ్డానో ఆ మనిషి లేదు అసలు.

పత్రికలవాళ్ళు ఇద్దరు కెమెరాలతో తయారు. ఆవిడ హెన్నింగ్ వైపు తిరిగి, "వీళ్ళను పంపించెయ్ నాయనా. కూతుర్ని చూసుకోడానికి వచ్చాను," అంది. హెన్నింగ్ ఏదో అనబోయి, ఆవిడ మొహం చూసి పంపించేశాడు.

గదిలో ఆవిడ, మాలిన్. గుమ్మంలో హెన్నింగ్. నేను నా గదిలోనే ఉండిపోవచ్చు. తలుపు సందులోంచి చూడొచ్చు. అలా చూసే కదా ఇన్నాళ్ళూ గడిపాను. లేచి వెళ్ళాను.

మొహం మీద కాగితం తీసేశారు. తూవా నేరుగా చూస్తోంది, పిలిస్తే ఇటు తిరిగినట్టు. చుట్టూ అంతా పెచ్చులు పెచ్చులుగా ఉంటే ఆ మొహం నిన్న వేసినట్టుంది.

సిగ్నె చాలాసేపు చూసింది. అద్దాలు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చూసింది.

"ముక్కు కుదరలేదు," అంది. "అప్పుడే అనుకున్నాను. దానిది మా నాన్న ముక్కు, ఇంకాస్త చప్పిడి."

కర్రతో గోడవైపు చూపించింది.

"మొహం ఒక్కటీ ఎలా మిగిలింది?"

మాలిన్ కాగితం సంగతి చెప్పింది.

"టూరెకు అంత జాగ్రత్త ఎక్కడిది," అంది సిగ్నె. "గుడ్డు కూడా సరిగా వలవలేడు."

మాలిన్ నావంక చూస్తుందనుకున్నాను. చూసి ఉంటే మొండికేసేదాన్నేమో. ఆమె గోడవైపే చూస్తూ నిలబడింది.

"టూరె కాదు," అన్నాను. "నేను."

ఆవిడకు వినపడలేదు. "ఏంటీ?" అంటూ మిషనున్న చెవి ఇటు తిప్పింది. నలభై నాలుగేళ్ళు చెప్పని మాటని రెండోసారి, గట్టిగా చెప్పాల్సి వచ్చింది.

"సున్నం వేసింది నేను. ఆయన లేడు. చిత్రాల ప్రదర్శనకని గోథెన్‌బర్గ్ వెళ్ళాడు. గురువారం వేశాను, ఆయన శనివారం వచ్చాడు."

సిగ్నె నన్ను పైనుంచి కిందికి చూసింది.

"నువ్వా. ఇంటిపనికి వచ్చిన పిల్లవి."

"అవునండీ."

"ఎందుకు?"

"ఆయన అన్నం తినేవాడు కాదు. పొద్దస్తమానం ఈ గోడకు ఎదురుగా కూర్చునేవాడు. ఏడాదిన్నర కుంచె ముట్టుకోలేదు. అది కనపడకపోతే..."

"అబద్ధాలాడకు," అంది సిగ్నె. కోపంగా కూడా కాదు, అలిసిపోయినట్టు. "ఇంతదూరం వచ్చి చెప్పావు, మిగతాది కూడా చెప్పు."

కర్రమీద రెండు చేతులూ పెట్టుకుని నిలబడింది. తొందరేం లేదన్నట్టు.

"నావంక చూడాలని," అన్నాను. "బంగాళాదుంపలు వడ్డిస్తే ప్లేటు వంక కూడా చూసేవాడు కాదు, పాప వంకే చూసేవాడు. నాకు ఇరవై నాలుగేళ్ళు. ఎదురుగా నిలబడ్డా కనపడేదాన్ని కాదు. నావంక ఒక్కసారి చూస్తే చాలనుకున్నాను."

"చూశాడా?"

"శనివారం వచ్చాడు. కోటు తీశాడు. గోడ చూశాడు. కూర్చుని, పెట్టిన హెరింగ్ చేప తిన్నాడు. ఏమీ అనలేదు. ఆరోజూ అనలేదు, చచ్చిపోయేదాకా అనలేదు."

"అంతే," అంది సిగ్నె. "ఆయన అంతే. నాకు మాత్రం రాశాడు, తను వేశానని."

"నాకు తెలీదండీ ఆ సంగతి. మొన్ననే తెలిసింది." ఎలా తెలిసిందో ఆవిడ అడగలేదు. మాలిన్ దగ్గింది.

"ఆ తర్వాత కూడా రాశాడు. తిప్పి పంపాను."

"నాలుగు వచ్చాయి. నేనే తీసి ఆయన చేతికిచ్చాను. విప్పకుండా పొయ్యిలో వేశాడు."

సిగ్నెకు కుర్చీ కావాల్సి వచ్చింది. మాలిన్ తెచ్చింది. మ్యూజియం కుర్చీ, ఎవరూ కూర్చోకూడదని చీటీ ఉన్నది. ఆ చీటీని హెన్నింగే తీసి జేబులో పెట్టుకున్నాడు.

"ముప్పై ఆరేళ్ళు," అంది సిగ్నె. "ఆయన బతికున్నాడు. రైలెక్కితే సాయంత్రానికి వచ్చేదాన్ని. ఆయన పేరు ఎవరైనా ఎత్తితే లేచి వెళ్ళిపోయేదాన్ని. నువ్వు ఇక్కడ కూర్చుని అది చూస్తూ ఉన్నావు."

"అవునండీ."

"క్షమించమని అడగడానికా ఇప్పుడు చెప్పావు?"

"కాదండీ. ఇంక చెప్పకుండా ఉండలేక."

"మంచిది. ఎందుకంటే నేను క్షమించను."

నేను తలూపాను. ఆవిడ మళ్ళీ గోడవైపు తిరిగి, "ఆ కాగితం ఎందుకు పెట్టావు?" అని అడిగింది.

తెలీదన్నాను. గుర్తులేదన్నాను. అది మాత్రం నిజం. కుంచె ముంచాక ఆ కళ్ళు నావంకే చూస్తున్నాయనీ, కళ్ళమీద వేయలేకపోయాననీ ఒక్కటే ఇప్పుడిప్పుడే తెలుస్తోంది. అది జాలో భయమో చెప్పలేను. ఆవిడకు అదీ చెప్పాను.

"ఏదైతేనేం," అంది. "మొహం మిగిలింది."

మధ్యాహ్నం సమాధుల దగ్గరికి తీసుకెళ్ళమంది. నన్నే రమ్మంది, హెన్నింగ్‌ను కారులోనే ఉండమంది. మంచు పల్చగా పడింది. టూరె రాయి దాకా నడిపించాను. పక్కనే తూవాది, చిన్న రాయి. "నువ్వు అవతలికి వెళ్ళు," అంది. గేటు దాకా వెళ్ళి నిలబడ్డాను. ఆవిడ చాలాసేపు ఏదో చెప్పింది ఆ రాయికి. చేతికర్రతో ఓసారి నేలమీద కొట్టింది కూడా. ఒక్క మాట కూడా నాకు వినపడలేదు, నేను వినడానికి ప్రయత్నించలేదు. నా జీవితంలో మొదటిసారేమో.

తిరిగి వస్తూ నా మోచెయ్యి పట్టుకుంది. నేల జారుడుగా ఉంది కాబట్టి.

"గోడ దగ్గర చీటీ పెడతారు కదా. అందులో నీ పేరు రాయించు. ఆయన లేని రోజున అని కూడా రాయించు."

"రాయిస్తానండీ."

"నేను ఫోన్ చేసి చదివించుకుంటాను. నిన్ను నమ్మి ఊరుకోను."

డిసెంబర్ 1

పెట్టె విప్పి బట్టలు మళ్ళీ బీరువాలో పెట్టాను.

డిసెంబర్ 5

హెన్నింగ్ చీటీ రాసి తెచ్చాడు. "1952లో ఇంటివారు ఈ చిత్రానికి సున్నం వేయించారు." ఇంటివారట. వేయించారట.

"మీ గౌరవం కోసమేనండీ," అన్నాడు. "జనం ఏమంటారో ఆలోచించండి. ఇది చెక్కమీద చెక్కిస్తాం, ఎప్పటికీ ఉంటుంది."

నా గదులు లాక్కోడానికి ఇదొక ఎత్తేమో అని ఓ క్షణం మనసులో మెదిలింది. పాత అలవాటు. కానీ ఆయన మొహం చూస్తే నిజంగానే నాకోసం బెంగపడుతున్నాడు. పెన్సిలు తీసుకుని ఆ రెండు మాటలూ కొట్టేశాను. పైన నా పేరు, చివర 'వేసింది' అని రాశాను, ఎడమచేత్తో. ఆయన లేని రోజున అని కూడా రాశాను.

సాయంత్రం నాలుగింటికి సిగ్నె ఫోన్ చేసింది. హెన్నింగ్ చదివి వినిపించాడు. రెండుసార్లు చదివించుకుందట. "సరే," అని పెట్టేసిందట.

డిసెంబర్ 10

మాలిన్ వెళ్ళిపోయింది. డబ్బాలన్నీ సర్దుకుంది. ఆ సున్నం పొడి ఎందుకని ఇప్పుడడిగాను. "ఏ ఊరి సున్నమో చూడ్డానికండీ," అంది. ఇంతకాలం దానిగురించి నేను అనుకున్నవన్నీ చెబితే నవ్వింది. తన నోటుపుస్తకంలో కాఫీ మరక పడిన పేజీ చూపించింది. మరక చుట్టూ పెన్సిలుతో గీత గీసి, తేదీ వేసి పెట్టుకుంది.

డిసెంబర్ 15, ఆదివారం

గది తెరిచారు. పొద్దున్నే జనం వచ్చారు. కార్ల్‌స్టాడ్ నుంచి కూడా వచ్చారు. నేను టిక్కెట్ల బల్ల దగ్గర కూర్చున్నాను, కూర్చుంటానని నేనే అన్నాను. చదివి బయటికొచ్చినవాళ్ళలో కొందరు నావంక చూశారు. కొందరు చూడకుండా ఉండటానికి తంటాలు పడ్డారు. ఒకామె నా దగ్గరికొచ్చి, ఏదో అందామనుకుని, కోటు గుండీలు పెట్టుకుని వెళ్ళిపోయింది.

మూడింటికి ఆస్టా వచ్చింది. టిక్కెట్టు అడక్కుండా తిన్నగా లోపలికెళ్ళింది. చీటీ ముందు చాలాసేపు నిలబడింది. ఆమెకు చదవడం నెమ్మది. బయటికొచ్చి చేతి తొడుగులు తీస్తూ నిలబడింది.

"చదివావా?" అన్నాను.

"చదివాను. తప్పేం లేదు అందులో."

"నీకు చెప్పాల్సింది ముందే."

"ఏం చెబుతావే? ఆ సున్నం మా నాన్న కొట్లోనే కొన్నావు. రెండు సంచులు. తూచి ఇచ్చింది నేను. చేతిబండి మీద పెట్టింది కూడా నేనే. టూరె అప్పుడు గోథెన్‌బర్గ్ వెళ్ళాడని ఊరంతటికీ తెలుసు."

నేను అనుమానించని మనిషి ఈ ఊళ్ళో ఈమె ఒక్కతే.

"నలభై నాలుగేళ్ళూ తెలుసా నీకు?"

"తెలుసు."

"ఎవరికీ చెప్పలేదా?"

"నన్నెవరు అడిగారు?" తొడుగులు జేబులో కుక్కుకుంది. "నువ్వు చెబుతావేమోనని ప్రతి ఆదివారం వచ్చేదాన్ని. బన్నులు తిని వెళ్ళేదాన్ని. కాఫీ ఉందా?"

ఉందన్నాను. వెనక గదిలోకి వెళ్ళి, చిన్న పొయ్యి వెలిగించి, రెండు కప్పులు పెట్టాను.